జపాన్ తొలి మహిళా గవర్నర్ ఫుసాయె ఓటా

మన దేశంలో గవర్నరును రాష్ట్రపతి నియమిస్తారు. జపాన్‌లో అలా కాదు. ప్రిఫెక్చర్ అనే ప్రతి ప్రాంతానికీ గవర్నరును ప్రజలే ఎన్నుకుంటారు. మన ముఖ్యమంత్రి పదవి వంటిదన్నమాట. ఆ పదవికి ఎన్నికైన మొదటి మహిళ శ్రీమతి ఫుసాయె ఓటా.

1951లో జన్మించిన ఈమె టోక్యో విశ్వవిద్యాలయంలో ఆర్థికశాస్త్రం చదివి, 1975లో కేంద్ర వాణిజ్య, పరిశ్రమల శాఖలో ఉద్యోగంలో చేరారు. ఒకాయామాలో ఉపగవర్నరుగానూ పనిచేశారు. 2000 ఫిబ్రవరిలో ఒసాకా గవర్నరుగా గెలిచారు.

మరుసటి నెలలోనే చిక్కు వచ్చిపడింది. ఒసాకాలో ఏటా మార్చిలో జరిగే సుమో కుస్తీ పోటీల విజేతకు గవర్నరు బహుమతి ఇవ్వడం ఆనవాయితీ. కాని గోదాలో స్త్రీ కాలు పెట్టరాదని సుమో సంఘం పట్టుబట్టింది. ఓటర్లకు లేని అభ్యంతరం గోదాకు వచ్చింది మరి! ఆమె అడుగుతూనే ఉన్నారు, వారు కాదంటూనే ఉన్నారు. 2004లో మళ్ళీ గెలిచి, 2008లో పదవి వీడేదాకా ఆ నియమం సడలలేదు.

2013లో ఆమె జాతీయ పార్లమెంటు ఎగువసభకు ఎన్నికయ్యారు.