కృత్తికలను చూచు విధము

కార్తిక మాసమునకు ఆ పేరు కృత్తికలవలన వచ్చినది. ఆ మాసపు పున్నమినాడు చంద్రుడు కృత్తికలలోగాని, వాటికి చేరువనుగాని యుండును. అయితే మనమందరము దీపములు వెలిగించి ఆకాశమువంక చూచు ఆ రాత్రియే కృత్తికలను చూచుటకు తగని రాత్రి. నిండు వెన్నెలలో అవి వెలవెలబోవును. పున్నమి గడచిన వారమునకు, చంద్రోదయమునకు ముందు, తూర్పుదిక్కున వెదకవలెను.

మన పల్లెలలో వీనిని పిల్లలకోడి యందురు. వట్టి కంటికి సాధారణముగా 6 చుక్కలు కనబడును. కుమారస్వామికి పాలిచ్చిన తల్లులు ఆరుగురని పురాణకథ. 1610లో గెలీలియో తన దూరదర్శినితో చూచి 36 చుక్కలను చిత్రించెను. ఈ గుంపున వేయికి పైగా నక్షత్రములు గలవని నేటి శాస్త్రజ్ఞుల లెక్క. అవన్నియు ఒకే వాయుమేఘమునుండి సుమారు 10 కోట్ల ఏండ్ల క్రిందట పుట్టినవి. మన సూర్యుని వయస్సు 460 కోట్ల ఏండ్లు; ఆయన ముందు ఇవి పసిపిల్లలే. వీని దూరము సుమారు 440 కాంతి సంవత్సరములు. అనగా నేడు మన కన్ను సోకు వెలుగు, 1591లో హైదరాబాదు నగరము వెలసిన కాలమునకు కొంచెము అటునిటుగా బయలుదేరినది.

పెద్ద దూరదర్శిని యున్నగాని లాభము లేదని పలువురు తలంతురు. ఇక్కడ చిన్న సాధనమే మేలు. ఈ గుంపు ఆకాశమున నాలుగు చంద్రబింబముల వెడల్పు కంటె తక్కువ కాదు. దూరదర్శినిలో 100 రెట్లు పెంచి చూచినచో ఒక మూల మాత్రమే కనబడును. గుంపు గుంపుగా కానరాదు. 7 రెట్లు పెంచి, ముందు అద్దము 50 మిల్లీమీటర్లున్న బైనాక్యులరులో అంతయు ఒక్కచూపున ఇమిడి, పదుల కొలది చుక్కలు తేటపడును. చిన్న దూరదర్శిని యున్నవారు మిక్కిలి తక్కువగా పెంచు కంటికటకమునే వాడవలెను.

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతమున జనవరి మొదట రాత్రి 9 గంటలవేళ కృత్తికలు దాదాపు నడినెత్తికి వచ్చును. మెడ నొవ్వకుండ నులకమంచముపై వెల్లకిల పండుకొని, మోచేతులు కదలకుండ ఆనించి చూడుడు. రహదారి దీపములకు దూరముగా, పొలముగట్టు మేలు. చూచుటకు ముందు 20 నిమిషములు చీకటిలో నుండవలెను.

చూపు బాగున్న పిల్లలచేత వట్టి కంటితో చుక్కలను లెక్కపెట్టించుడు. పొలములో ఆరు తేలి, ఊరిలో మసక మాత్రమే తోచినచో, తక్కిన వానిని మ్రింగినది మన దీపముల వెలుగే. వీధిదీపములకు పైమూత లుంచి, వెలుగు నేలకే దిగునట్లు చేయుట స్థానిక సంఘముల చేతిలోని పని. మాసమునకు పేరిచ్చిన చుక్కలను ఊరినడుమనుండియే మన పిల్లలు చూడగలుగుట మంచిదని మా విన్నపము.