తేనెలో మందును పట్టే కడ్డీలు

శ్రీకూర్మంలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె అడిగింది: "నీళ్ళ గ్లాసులో తేనె బొట్టు వేసి చూస్తారు కదా మాస్టారూ, ఈగలకు పెట్టిన మందు కూడా దాంతోనే తెలిసిపోతాదేటి?"

తెలియదు. అగ్గిపుల్లను తేనెలో ముంచి గీసినా తెలియదు. సీతంపేట కొండల్లో సవర గిరిజనులు తీసే తేనెకు ఈ బెడద లేదు; కొండచరియల మీద పట్టుపెట్టే పెద్ద ఈగలకు మందు పెట్టేవాళ్ళెవరూ లేరు. చిక్కంతా పెట్టెల్లో పెంచే ఈగలతో. వాటి పిల్లపురుగులకు తెగులు సోకితే కొందరు టెట్రాసైక్లిన్ జాతి యాంటీబయాటిక్ మందులు వాడతారు. ఆ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో మన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు సారథ్యం వహించిన లెడర్లే ప్రయోగశాల నుంచే వచ్చింది. అంతటి మందు తేనెలో కలవడం నాకు కష్టంగా ఉంటుంది.

ఇంకా ప్రమాదకరమైనది క్లోరాంఫెనికాల్. అరుదుగానైనా ఎముక మజ్జను దెబ్బతీస్తుంది. 2022 చివరి నుంచి యూరప్‌లో కిలో తేనెకు 0.15 మైక్రోగ్రాములు తేలినా సరుకు పనికిరాదు. అంటే టన్ను తేనెలో మిల్లీగ్రాములో ఏడో వంతు!

ఇంత కొద్ది మోతాదును పట్టే యంత్రం మాస్ స్పెక్ట్రోమీటర్; అణువులను వాటి భారాన్ని బట్టి వేరుచేస్తుంది. క్లోరిన్ పరమాణు భారం 35.5 అని బడిలో చదువుతాం. ఆ అర ఎక్కడిదో 1919లో కేంబ్రిడ్జిలో ఆస్టన్ అనే శాస్త్రవేత్త తేల్చాడు: క్లోరిన్‌లో 35, 37 అని రెండు రకాలు, సుమారు మూడుకు ఒకటి పాళ్ళలో. క్లోరాంఫెనికాల్ అణువులో రెండు క్లోరిన్‌లున్నాయి. అందుకే దాని అయాన్లు 321 భారం దగ్గరా, 323 దగ్గరా జంటగా కనబడతాయి. ఆస్టన్ పట్టుకున్న తేడాయే ఈనాడు తేనెలో ఈ మందుకు వేలిముద్ర.

తేనెను పలచన చేసి, చక్కెరల నుంచి మందును వేరుచేసి, సన్నటి సూది గుండా విద్యుత్తుతో తుంపరగా చిమ్ముతారు. ఫెన్‌కు 2002లో నోబెల్ తెచ్చిన ఉపాయమిది. ఆ తుంపరలోంచి వచ్చిన అయాన్లు నాలుగు కడ్డీల నడుమకు వెళతాయి. కడ్డీలకు స్థిర వోల్టేజీ, దాని మీద రేడియో పౌనఃపున్యపు వోల్టేజీ. ఎదురెదురు కడ్డీలది ఒక జత. ఒక జత తేలికవాటిని తప్పిస్తుంది, రెండో జత బరువైనవాటిని. వోల్టేజీ సరిగ్గా కుదిర్చితే 321 ఒక్కటే ఊగుతూ చివరిదాకా వెళుతుంది; మిగతావి కడ్డీలకు కొట్టుకుని ఆగిపోతాయి. వోల్ఫ్‌గాంగ్ పాల్ 1953లో చూపిన ఈ ఏర్పాటులో అయస్కాంతమే లేదు!

అయితే తేనెలో 321 భారమున్నవి ఇంకా ఉండొచ్చు. యోస్ట్, ఎంకే అనే ఇద్దరు అమెరికన్లు 1978లో ఇలాంటి కడ్డీల గదులు మూడు వరుసగా పెట్టారు. మొదటిది 321ను ఎంచుతుంది. రెండోదానిలో నింపిన వాయువుకు తగిలి అది విరుగుతుంది. మూడోది 152 భారమున్న ముక్కను ఏరుతుంది. విరగాలంటే వేల వోల్టుల వేగం కావాలని అప్పటి పండితుల నమ్మకం. పదుల వోల్టులే సరిపోయాయి. 321 నుంచి 152, 321 నుంచి 257 రెండూ దొరికి, వాటి పాళ్ళు అసలు మందు పాళ్ళతో సరిపోతేనే నేరం రుజువు. ఈ జాగ్రత్త అంటే నాకు ఎంతో గౌరవం.

2010లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ పరీక్షించిన 12 తేనెల్లో 11 నమూనాల్లో యాంటీబయాటిక్స్ బయటపడ్డాయి. ఆ ఏడాదే యూరప్ మన తేనెను ఆపేసి, మరుసటి ఏడాది మళ్ళీ తలుపు తెరిచింది.

గ్లాసు పరీక్ష మానండి. తేనె కొనేటప్పుడు సీసా మీది బ్యాచ్ నంబరు చూపించి, ఆ బ్యాచ్‌కు యాంటీబయాటిక్ పరీక్ష ఫలితం ఇమ్మని అడగండి.