తరుగని శక్తి - ప్రభుత్వధర్మము



మన గోదావరిసీమలో కాటన్ దొరగారి పేరు వినని పెద్ద యుండడు. ఆయన ధవళేశ్వరము ఆనకట్ట పనిని 1847లో ఆరంభించి 1852లో ముగించెను. అంతకు పూర్వము గోదావరి లేదా? ఉన్నది. నీరు లేదా? సముద్రము పాలగునంత యున్నది. ఐనను వానలు తప్పిన యేడు జనులు కఱవున బడి నశించుచుండిరి. నది యీశ్వరుడిచ్చినది, దానిని పొలమునకు మరల్చుట యొక రైతువలన గాని, యొక గ్రామమువలన గాని యగుపని కాదు. అది రాజ్యము పూనుకొనవలసిన కార్యము. నేటి నా ప్రసంగవిషయమగు తరుగని శక్తికిని ఈ న్యాయమే వర్తించును.

తరుగని శక్తి యననేమి? బొగ్గు, కిరసనాయిలు, గ్యాసు - ఇవి గాదెలోని ధాన్యము వంటివి, తీసినకొలది తరుగును. ఎండ, గాలి, పారునీరు - ఇవి ఊటచెలమ వంటివి. తోడినను మరల నూరును. ఈ భేదమును మనము కన్నులార జూచితిమి. మన తీరమున సముద్రగర్భమునుండి 2009లో గ్యాసు వెలువడ నారంభించినది. దానిని నమ్మి వేమగిరి, సామర్లకోట ప్రాంతములలో విద్యుత్కేంద్రములు కట్టిరి. 2013 నాటికి గ్యాసు చాలక అవి నిలిచిపోవలసి వచ్చెను. గాదె మనమనుకొన్నంత లోతు లేదని తేలినది.

ఈ తరుగనిశక్తి విషయమున ప్రభుత్వధర్మములు మూడని నాకు దోచుచున్నది.

మొదటిది, ఒకరివలన గాని నిర్మాణములను న్యాయముగా జేయుట. మాచ్‌ఖండ్ వద్ద 1955లో జలవిద్యుత్తు తీయ నారంభించిరి. ఆ నదియే దిగువకు వచ్చి సీలేరగును. సీలేరుపై ఎగువకేంద్రమున 240 మెగావాట్ల యంత్రములును, మోతుగూడెము వద్ద దిగువకేంద్రమున తొలుత 460 మెగావాట్ల యంత్రములును నెలకొల్పిరి. నీరు గొట్టములవెంట దుమికి చక్రములను ద్రిప్పును. చక్రములు విద్యుత్తును బుట్టించును. నీరు మాత్రము ఖర్చు గాదు. ఆ నీరే శబరిలో గలసి, కూనవరము కడ గోదావరిని జేరి, ధవళేశ్వరమునకు వచ్చి మన దాళ్వాపంటను బ్రతికించుచున్నది. దీపము వెలిగించిన నీరే యన్నము పెట్టుచున్నది!

కాని యా దీపమునకు వత్తియైనవారు మన్యవాసులు. మాచ్‌ఖండ్‌కు నీరిచ్చు జలాపుట్ జలాశయము క్రింద వారి గ్రామములనేకములు మునిగినవి. పోలవరము వలనను గిరిజనులే మిక్కిలిగా ఊళ్లు విడువవలసి వచ్చినది. భూమి విడిచినవానికి భూమి, ఇల్లు విడిచినవానికి ఇల్లు ముందుగా ముట్టజెప్పి, పిదప నీరు నిలుపుట ధర్మము. పల్లమున సుఖపడు మనమీ మాట మఱువరాదు.

రెండవది, తొలిభారమును పంచుకొనుట. ఎండకు వెలలేదు, ఎండను పట్టు పలకలకు వెల యున్నది. అది మొదటనే యొక్కసారిగా చెల్లింపవలెను. సామాన్యుడు వెనుదీయుటకు గారణమిదియే. కావున కేంద్రప్రభుత్వము 2024లో ఇంటికప్పుల సౌరవిద్యుత్తునకు ఒక కిలోవాటుకు 30,000, రెంటికి 60,000, మూడు గాని అంతకు మించి గాని యైనచో 78,000 రూపాయల సహాయము ప్రకటించెను. 2003 నాటి విద్యుచ్చట్టము మఱియొక మేలు చేసినది: కొనుగోలుచేయు విద్యుత్తులో నింత భాగము తరుగనిశక్తి యుండవలెనని రాష్ట్రములలోని నియంత్రణమండలులు నిర్ణయింపవలెనని విధించినది. సరకునకు గిరాకి స్థిరపడినగాని ధనము పెట్టువాడు ముందునకు రాడు గదా!

మూడవది, సంరక్షణము. దీనికి మా యింటి కథయే సాక్ష్యము. 1980 దశకమున మా తండ్రిగారు ప్రభుత్వసహాయముతో గోబరుగ్యాసు గుంట కట్టించిరి. నాలుగేండ్లు మా తల్లిగారు పొగ యెఱుగక వండిరి. అంతట గ్యాసు నిలుచు ఇనుపడ్రమ్ము తుప్పుపట్టి చిల్లిపడినది. మా తండ్రిగారు మూడు అర్జీలు పెట్టిరి. బాగుచేయువా డొక్కడును రాలేదు. మా తల్లిగారు మరల పిడకలపొయ్యి యూదుచు కన్నులు దుడుచుకొనిరి. ఆ గుంటలో నేడు కొబ్బరిమట్టలున్నవి.

మఱి కాటన్ దొరగారి కాలువలేల నిలిచినవి? కాలువలపై లస్కర్లను నియమించిరి. ఏటేట వేసవిలో కాలువలు కట్టివేసి పూడిక దీసి, తూములు బాగుచేయు నాచారము నెలకొల్పిరి. కట్టినవాని కీర్తిని కాపాడినది కాచినవాడే.

కావున పెద్దలారా! మీ గ్రామమునకు సౌరపంపులనో, సౌరఫలకములనో చెప్పవచ్చిన యధికారిని, సహాయధనమెంత యని యడుగుటకు ముందు, "అయ్యా, ఇది చెడినచో బాగుచేయువా డెవ్వడు? ఎన్నినాళ్లలో వచ్చును?" అని యడుగుడు. బదులు కాగితముపై వ్రాయించుకొనుడు. ఇచ్చుట ప్రభుత్వధర్మమైనచో, ఇచ్చినది నిలుచునట్లు అడిగి చేయించుకొనుట మన ధర్మము.

సెలవు.