పగటిపూట ఈ పిల్లలెక్కడ?

మలక్‌పేటలో నల్గొండ క్రాస్‌రోడ్డు దగ్గర వికలాంగుల సంక్షేమ భవన్ ఉంది. నడవలేని బిడ్డను చంకనెత్తుకుని, దరఖాస్తు కాగితాలు చేతపట్టుకుని అక్కడికి వచ్చే తల్లులు మన మొహల్లాలకు కొత్తేమీ కాదు. కాగితం పని ఎప్పటికో ఒకప్పటికి పూర్తవుతుంది. కాని మరునాడు పొద్దున తండ్రి గంజ్‌కు పనికి పోయాక, తోబుట్టువులు బడికి పోయాక, ఆ బిడ్డ సాయంత్రం దాకా ఎక్కడుండాలి? ఎవరి చేతుల్లో ఉండాలి? దీనికి ఏ కాగితంలోనూ జవాబు దొరకదు.

చదువు చెప్పే పనిమీద మేము ఎన్నో ఇళ్లకు వెళ్తుంటాము. మేధో వైకల్యం, సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం ఉన్న పిల్లల ఇళ్లలో మాకు కనిపించేది దాదాపు ఒకటే. బిడ్డ లోపలి గదిలో ఉంటాడు. తల్లి వంటావార్పూ, బిడ్డ అవసరాలూ ఒంటరిగా మోస్తుంది. కుట్టుపని తెలిసినా మిషన్ ముందు గంటసేపు కుదురుగా కూర్చోలేదు. పైగా "ఏ పాపం చేసుకుందో" అనే మాట ఒకటి పడాలి. ఆ మాట అనేవారికి దీనుల్లో ఏ ఆధారమూ లేదు. చూపులేని హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) గారి చేత అజాన్ ఇప్పించి, తాము ఊళ్లో లేనప్పుడు మదీనా బాధ్యత అప్పగించిన ప్రవక్త (స) ఉమ్మత్ మనది. లోపం ఉన్నవారిని లోపలి గదిలో దాచడం మన పద్ధతి కాదు.

ఇటువంటి పిల్లల కోసమే పగటి సంరక్షణ కేంద్రాలు ఉన్నాయి. అంటే బిడ్డను కూర్చోబెట్టి తలుపు వేసే చోటు అని కాదు. అన్నం తినడమనే ఒక్క పనినే అక్కడ చిన్న చిన్న మెట్లుగా విడగొడతారు. ముద్ద పట్టుకోవడం ఒక మెట్టు, నోటిదాకా తేవడం మరొకటి. ఒకటి వచ్చాకే రెండోది నేర్పుతారు. బొత్తాలు పెట్టుకోవడం, మరుగుదొడ్డికి పోవాలని చెప్పడం, డబ్బులు గుర్తుపట్టడం అన్నీ ఇలాగే. సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డను కదిలించకుండా పడుకోబెడితే కండరాలు బిగుసుకుని కీళ్లు వంగిపోతాయి. రోజూ చేయించే వ్యాయామం దాన్ని తగ్గించడానికి తోడ్పడుతుంది. "పెద్దయితే అదే బాగవుతుంది" అని నానీ, దాదీలు ఆశపడతారు. ఆ ఆశలో పోయేవి బిడ్డ తొలి ఐదేళ్లు. నేర్పితే ఎక్కువగా అందుకునే వయసు అదే. దుఆ చేయించండి, కాదనము. కాని తావీజు కట్టి ఊరుకోవద్దు. వైద్యం, శిక్షణ కూడా అల్లాహ్ చూపిన దారులే.

మన నగరం ఈ విషయంలో వెనుకబడినది కాదు. మలక్‌పేటకు దగ్గరలో, దిల్‌సుఖ్‌నగర్‌లో ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ 1968లోనే మొదలైంది. బోయినపల్లి మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వపు జాతీయ సంస్థ 1984లో ఏర్పడింది. అప్పట్లో ఎన్.ఐ.ఎం.హెచ్. అనేవారు, ఇప్పటి పేరు ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. బిడ్డకు ఏం వచ్చు, ఏం రాదు అని పరీక్షించి, ఇంట్లో ఏం చేయాలో తల్లిదండ్రులకు నేర్పుతారు. నేషనల్ ట్రస్ట్ వారు 2015లో ప్రకటించిన పథకాల్లో పదేళ్లలోపు పిల్లలకు రోజుకు కనీసం నాలుగు గంటలు, పదేళ్లు దాటినవారికి కనీసం ఆరు గంటలు పగటి సంరక్షణ ఇవ్వాలని ఉంది. వారి నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, నలభై శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉన్న 6 నుంచి 18 ఏళ్ల పిల్లలకు ఉచిత విద్య హక్కు. దగ్గరి బడిలోనైనా సరే, ప్రత్యేక పాఠశాలలోనైనా సరే.

కేంద్రంలో చేర్చే ముందు తల్లిదండ్రులు మొహమాటపడకుండా కొన్ని ప్రశ్నలు అడగాలి. నేర్పేవారికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందా? ఒక్కొక్కరి చేతికింద ఎందరు పిల్లలు? ఫిట్స్ వచ్చే బిడ్డ అయితే మందు ఏ వేళకు ఎవరు ఇస్తారు, ఫిట్స్ వస్తే ఏం చేస్తారు? అన్నం తినిపించేటప్పుడు బిడ్డను నిటారుగా కూర్చోబెడతారా? ఆడపిల్లల శుభ్రత ఎవరు చూస్తారు? చెప్పకుండా వెళ్లినా లోపలికి రానిస్తారా? చివరి ప్రశ్నకు "రానివ్వము" అంటే అక్కడ చేర్చవద్దు.

ఇన్ని ఉన్నా చాలామంది పిల్లలు ఎందుకు చేరడం లేదు? మేము అడిగిన చోటల్లా మొదట వినిపించే మాట ఆటో కిరాయి. 2018 నుంచి మలక్‌పేటకు మెట్రో ఉంది, దిల్‌సుఖ్‌నగర్ ఇక్కడి నుంచి మూడో స్టేషనే. కాని పదేళ్ల బిడ్డను ఎత్తుకుని స్టేషను దాకా నడవడం ఒక్క తల్లి వల్ల అయ్యే పని కాదు. నెలకు ఒక ఆటో మాట్లాడి నలుగురు పిల్లలను పంపితే ఖర్చు నాలుగోవంతు అవుతుంది. ఇది ఒక్క ఇంటివారు చేయలేరు, ఒక మస్జిద్ కమిటీ చేయగలదు. రంజాన్‌లో ఒక్కసారి ఇచ్చి మరచిపోయే సాయం కంటే నెలనెలా అందే కిరాయి మేలు. సదఖాతో మొదలుపెట్టవచ్చు. జకాత్ పైకం పేద బిడ్డకు ఏ పద్ధతిలో అందించాలో ఉలమాను అడిగి తెలుసుకోండి.

ముందుగా చేయవలసిన పని మాత్రం డబ్బుతో పనిలేనిది. ఈ జుమా తర్వాత కమిటీ పెద్దలు కూర్చుని, మన గల్లీల్లో ఇలాంటి పిల్లలు ఎందరున్నారో, వారి వయసెంతో ఒక కాగితం మీద రాయండి. స్త్రీలు ఇంటింటికీ వెళ్లి అడిగితే తల్లులు దాచకుండా చెబుతారు. ఆ పట్టీ చేతిలో ఉంటే ఆటో ఎన్ని గల్లీలు తిరగాలో తెలుస్తుంది, సంక్షేమ భవన్‌లో అడగడానికి నోరూ వస్తుంది.