మీకు తెలుసా? మెక్సికోలోనూ గ్రహణమొర్రి భయం!

గర్భిణి గ్రహణం చూస్తే బిడ్డకు పెదవి చీలుతుందన్న నమ్మకం మన ఒక్కరికే సొంతం కాదు. సముద్రాల అవతల మెక్సికోలో అక్కడి పాతకాలపు అజ్టెక్ ప్రజల కాలం నుంచీ అచ్చం ఇలాంటిదే ఉంది.

స్పెయిన్ నుంచి అక్కడికి వెళ్లిన క్రైస్తవ సన్యాసి బెర్నార్డినో డి సహగున్ 16వ శతాబ్దంలోనే ఈ సంగతి రాసిపెట్టాడు. చంద్రగ్రహణం పట్టిందంటే గర్భిణులు అగ్నిపర్వతాల్లో దొరికే నల్లటి గాజురాయి ముక్కను నోట్లోనో, పొట్ట మీదో పెట్టుకునేవారట. చందమామను ఏదో కొరికింది, ఆ కాటే కడుపులోని బిడ్డకూ తగులుతుందని వాళ్ల భయం. మనకైతే చంద్రుణ్ని మింగేది రాహువు. అక్కడ ఆ రాయి పోయి ఇప్పుడు పిన్నీసు వచ్చింది: మెక్సికోలో కొందరు గర్భిణులు గ్రహణంనాడు పొట్ట దగ్గర, లోదుస్తులకు దాన్ని గుచ్చుకుంటారు. తమాషా ఏమిటంటే, అక్కడ లోహమే రక్ష. ఇక్కడేమో ఆ వేళ గర్భిణి కత్తిపీట ముట్టుకుంటే ఇంటిల్లిపాదీ కేకలేస్తారు!

ఇంతకీ బిడ్డ పై పెదవి గర్భం దాల్చిన 4 నుంచి 7 వారాల మధ్యే అతుక్కుని రూపు కడుతుంది. అలా అతుక్కోకపోతేనే మొర్రి. జన్యువులు, పొగతాగడం, గర్భానికి ముందు నుంచే ఉన్న మధుమేహం, కొన్ని మూర్ఛ మందులు ఆ ముప్పును పెంచుతాయి. సీమంతం గాజులు తొడిగే నాటికి ఆ పెదవి పని ఎప్పుడో పూర్తయిపోయి ఉంటుంది. ఆ తర్వాత ఎన్ని గ్రహణాలు పడితేనేం?