నీడ నేర్పిన క్షేత్రగణితము



క్షేత్రగణితమన్న మన బాలికలలో పెక్కుమందికి భయము. సంక్రాంతికి మా శ్రీకాకుళము వచ్చిన మేనకోడలు, తొమ్మిదవ తరగతి పిల్ల, "అత్తా! ఈ త్రిభుజములు కాగితముమీద తప్ప మన యింట నెచట నున్నవి? పదవ తరగతితో లెక్కలకు స్వస్తి చెప్పెదను" అని పుస్తకము మూసివైచెను. తెలివిగల పిల్ల ఆ మాట యనుట నాకు కష్టముగా తోచినది. బోధించుట మాని, "రావమ్మా, ఎండతో పప్పు వండుదము" అంటిని.

పెరటిలో 12 అంగుళముల పుల్లను నిట్టనిలువుగా నాటితిమి. మన పూర్వులు దీనినే శంకువనిరి. మిట్టమధ్యాహ్నము, నీడ మిక్కిలి పొట్టియైన వేళ కొలువగా, ఇంచుమించు 10 అంగుళములుండెను. నీడ పోవు దిక్కే ఉత్తరము. పుల్ల యొక భుజము, నీడ యొక భుజము, ఎండకిరణము కర్ణము. సమకోణ త్రిభుజము నేలమీదనే కానవచ్చెను.

పొయ్యిపెట్టె అద్దము సూర్యునికి సరిగా ఎదురుగానున్ననే వేడిమి మెండు. అందులకు ఆ నీడ త్రిభుజమునే పక్కకు పరుండబెట్టిన చాలును. పుల్ల కొలత పెట్టె వెడల్పగును. నీడ కొలత, ముందుగోడకంటె వెనుకగోడ ఎంత ఎత్తుండవలెనో తెలుపును. కావున 12 అంగుళముల వెడల్పుగల అట్టపెట్టెకు దక్షిణపుగోడను 4, ఉత్తరపుగోడను 14 అంగుళములుగా కోసితిమి.

పిల్ల తొందరపడి 12 అంగుళముల అద్దపుపలక తెప్పించెను. వాల్చి చూడగా మూడున్నర అంగుళములకు మించిన సందు మిగిలెను. కొంతసేపు చిన్నబోయి కూర్చుండి, పిదప తనంతట తానే 12 వర్గము 144, 10 వర్గము 100, కూడిన 244, దాని మూలము 15.6 అని కట్టెను. శుల్బసూత్రములలోని కర్ణసూత్రమే యిది. రెండవ అద్దము సరిపోయెను. నల్లరంగు పూసిన గిన్నెలో ఉదయము పెట్టిన పెసరపప్పు మూడు గంటలకు మెత్తగా నుడికెను.

ఆ సాయంకాలము అదియే నన్నడిగెను: "అత్తా! అరసవల్లిలో స్వామి పాదములపై కిరణములు మార్చిలో నొకమారు, అక్టోబరులో నొకమారు ఏల పడును?" మొదటిది వసంత విషువత్తునకు సుమారు పదిదినములు ముందు, రెండవది శరద్విషువత్తునకు సుమారు పదిదినములు పిమ్మట. ఆ రెండు వేళలను సూర్యుడు నడితూర్పునకు కొంచెము దక్షిణముగా, ఇంచుమించొకే చోట నుదయించును.

విషువద్దినమున 12 అంగుళముల శంకువునకు పడు మధ్యాహ్నపు నీడను జ్యోతిషులు పలభ యందురు. మన శ్రీకాకుళమున కది దాదాపు 4 అంగుళములు. ఏడాది పొడుగున కదలక యుండు మేడమీది సౌరఫలకములకు దక్షిణముగా తగిన వాలును ఇంచుమించదియే: మూడడుగులకు ఒక యడుగు. 2024లో కేంద్రప్రభుత్వము సూర్యఘర్ పథక మారంభించిన పిదప ఇట్టి ఫలకములు పెట్టించుకొను గృహిణులు ఈ లెక్క తెలిసియుండుట మేలు.

పిల్ల ఆ పుల్లను విజయనగరము తీసికొనిపోయి, మార్చిలో విషువత్తునాడు వార్త పంపెను: "నాలుగంగుళములకు వెండ్రుకవాసి తక్కువ. మేము మీకంటె దక్షిణముగా నుంటిమి గదా!" లెక్కలు మానుమాట మరల నెత్తలేదు. నేనును అడుగలేదు.