రెక్కలో బూర

సెస్నా 152, 172 లాంటి చిన్న విమానం ఎక్కబోయే ముందు పైలట్ దాని చుట్టూ ఓసారి తిరిగి అన్నీ చూసుకుంటాడు. ట్యాంకులో పెట్రోలు, ఇంజిన్లో ఆయిలు, టైర్లు, బ్రేకులు. ఎడమ రెక్క ముందంచు దగ్గరికి వచ్చాక మాత్రం కొత్తవాళ్లకు వింతగా కనిపించే పని ఒకటి చేస్తాడు. అక్కడ ఓ చిన్న కన్నం ఉంటుంది. దాని మీద శుభ్రమైన చేతిరుమాలు వేసి, నోరు ఆనించి గాలి లోపలికి పీలుస్తాడు. కాక్‌పిట్ వైపు నుంచి బూర మోత వినిపిస్తే రుమాలు జేబులో పెట్టుకుని ముందుకు కదులుతాడు. వినిపించకపోతే మెకానిక్‌ని పిలవాలి. కంపెనీ మాన్యువల్‌లోనే రాసి ఉన్న పరీక్ష ఇది.

ఆ కన్నం నుంచి గొట్టం ఒకటి పైలట్ తల దగ్గర దాకా వస్తుంది. దాని చివర హార్మోనియంలో ఉండేలాంటి రీడు. బ్యాటరీ లేదు, వైరు లేదు. రెక్క మీద గాలి తీరు మారితే అదే మోగుతుంది. విమానం ‘స్టాల్’ కాబోతోందని చెప్పడం ఒక్కటే దాని పని. టేకాఫ్‌లో కూలిన ఎన్నో చిన్న విమానాల కథ చివరికి ఈ స్టాల్ దగ్గరికే వస్తుంది. అందుకే ఈ బూర గురించి తెలుసుకోవాలి.

రెక్క గాలికి కాస్త ఏటవాలుగా ఎదురు నిలుస్తుంది. ఆ వాలు పెరిగితే పైకి లేపే బలమూ పెరుగుతుంది. అయితే దానికో హద్దుంది. చిన్న విమానాల రెక్కల్లో అది చాలావరకు 15 డిగ్రీలకు అటూ ఇటూ. అది దాటగానే, అప్పటిదాకా రెక్క పైభాగాన్ని అంటిపెట్టుకుని జారిన గాలి విడిపోయి సుడులు తిరుగుతుంది. లేపే బలం ఒక్కసారిగా పడిపోతుంది. ఇదే స్టాల్. ఇంజిన్ పూర్తి జోరుతో తిరుగుతున్నా రెక్క స్టాల్ అవుతుంది. వేగం తగ్గితేనే స్టాల్ అవుతుందని చాలామంది అనుకుంటారు గానీ, అసలు హద్దు కోణానిదే. విమానం 45 డిగ్రీలు ఒరిగి మలుపు తిరిగితే స్టాల్ వేగం దాదాపు 19 శాతం పెరుగుతుంది. 60 డిగ్రీలైతే 41 శాతం. తిన్నగా పోతున్నప్పుడు క్షేమమైన వేగమే మలుపులో ప్రాణం తీస్తుంది.

స్టాల్‌కు బలైనవాళ్లలో మొదట చెప్పుకోవలసిన పేరు ఒట్టో లిలియెంటాల్. జర్మనీలో కొండల మీంచి గ్లైడర్లతో ఎగిరి, మనిషి గాలిలో నిలవగలడని ప్రపంచానికి చూపించినవాడు. 1896 ఆగస్టు 9న ఆయన గ్లైడర్ గాలిలో స్టాల్ అయి, సుమారు 15 మీటర్ల ఎత్తు నుంచి పడిపోయింది. మర్నాడే కన్నుమూశాడు. ఆ మరణం రైట్ సోదరులను బాగా కలవరపెట్టింది. తమ విమానానికి ముక్కును ఎత్తే, దించే ఎలివేటర్‌ను తోకలో కాకుండా ముందు పెట్టుకోవడానికి ఆ భయమూ ఓ కారణం. గాలి కోణాన్ని చూపించే చిన్న సూచిక కూడా వాళ్లు తయారు చేశారు. దురదృష్టం, దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. విమానాల్లో వేగం చూపే మీటరు స్థిరపడిపోయింది, కోణం చూపేది మరుగున పడింది. వైమానిక చరిత్రలో జరిగిన పెద్ద పొరపాట్లలో ఇదొకటని నా అభిప్రాయం.

ఆ లోటును పూడ్చడానికి పూనుకున్నవాడు అమెరికాకు చెందిన లెనార్డ్ గ్రీన్. కుర్రతనంలో ఓ విమానం స్టాల్ అయి కూలిపోవడం కళ్లారా చూశాడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో విమానాలు తయారుచేసే గ్రమ్మన్ కంపెనీలో పనిచేశాడు. గాలి రెక్క ముందంచుకు తగిలి పైకొక పాయ, కిందికొక పాయగా చీలే చోటు ఒకటి ఉంటుంది. రెక్క కోణం పెరిగేకొద్దీ ఆ చోటు అంచు కిందికి జారుతుంది. ఆ జారుడునే కనిపెట్టాలన్నది గ్రీన్ పట్టుకున్న కిటుకు. అంచు కింద వేలెడంత రేకు ముక్క ఒకటి అమర్చాడు. మామూలుగా గాలి దాన్ని కిందికి నొక్కి ఉంచుతుంది. గాలి చీలే చోటు ఆ రేకును దాటి కిందికి జారగానే గాలి దాన్ని పైకి ఎత్తుతుంది, స్విచ్ పడుతుంది, హారన్ మోగుతుంది. 1946లో ఆయన సేఫ్ ఫ్లైట్ అనే కంపెనీ పెట్టి దీన్ని అమ్మకానికి తెచ్చాడు. సెస్నా బూరకూ ఆధారం ఈ గాలి తీరే. కోణం పెరిగినప్పుడు కన్నం దగ్గర గాలి పీడనం తగ్గిపోతుంది, గొట్టంలోంచి గాలి బయటికి లాగబడి రీడు పలుకుతుంది.

హెచ్చరిక స్టాల్ వేగానికి కనీసం 5 నాట్ల ముందే మొదలవ్వాలని 2017 దాకా అమెరికా నిబంధన ఉండేది. లైటు మాత్రమే వెలిగితే చాలదన్నారు. ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు పైలట్ కళ్లు కిటికీ బయటే ఉంటాయి, వినపడేదే పనికొస్తుంది.

మరి బూర ఉండగా టేకాఫ్‌లో విమానాలు ఎందుకు కూలుతున్నాయి? అది మోగాక ముక్కు దించి వేగం పెంచుకోవాలి, అందుకు కింద ఎత్తు మిగిలి ఉండాలి. సెస్నా 172ఎస్‌లో స్టాల్ నుంచి తేరుకునేలోగా 230 అడుగుల దాకా కిందికి పోవచ్చని దాని మాన్యువల్ చెబుతుంది. అప్పుడే నేల విడిచిన విమానానికి ఆ 230 అడుగులు ఎక్కడివి? పైగా ఎదురుగా చెట్లో, ఇళ్లో కనిపిస్తుంటే చెయ్యి ముక్కును దించనివ్వదు, ఇంకా పైకే లాగుతుంది. లాగినకొద్దీ కోణం పెరుగుతుంది. టేకాఫ్ అయిన వెంటనే ఇంజిన్ ఆగితే వెనక్కి తిప్పి రన్‌వే అందుకుందామన్న ఆశ కూడా ఇలాంటిదే. ఎత్తు లేదు, వేగం లేదు, ఆ పైన బాగా ఒరిగి తిరిగే మలుపు. ఎదురుగా కనిపించిన ఖాళీ చోట దించెయ్యమని ఇన్‌స్ట్రక్టర్లు పదే పదే చెప్పేది అందుకే.

1996 ఏప్రిల్ 11న అమెరికాలోని షయాన్‌లో జరిగిన ప్రమాదంలో ఇలాంటి స్టాల్‌కు దారితీసే ఎన్నో కారణాలు ఒక్కచోట చేరాయి. ఏడేళ్ల జెస్సికా డుబ్రాఫ్ దేశం ఈ కొస నుంచి ఆ కొసకు విమానం నడిపిన చిన్నారిగా పేరు తెచ్చుకోవాలని, తండ్రితో, ఇన్‌స్ట్రక్టర్‌తో కలిసి సెస్నా 177బి లో బయల్దేరింది. రెండో రోజు ఉదయం షయాన్ నుంచి ఎగిరారు. వాన, ఈదురు గాలులు, దగ్గరికొస్తున్న ఉరుముల మబ్బు. విమానంలో పరిమితికి మించిన బరువు. విమానాశ్రయం సముద్ర మట్టానికి 6,100 అడుగులకు పైన. గాలి పలచన. ఎగిరిన కాసేపటికే స్టాల్ అయి ఇళ్ల మధ్య పడింది. ముగ్గురూ పోయారు. అలాంటి వాతావరణంలో బయల్దేరాలన్న ఇన్‌స్ట్రక్టర్ నిర్ణయం తప్పని, టీవీ, పత్రికలకిచ్చిన మాట ప్రకారం ప్రయాణం సాగాలన్న ఆత్రం కూడా తోడైందని దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. ఆ పసిపిల్ల చుట్టూ ఉన్న పెద్దవాళ్లలో ఒక్కరైనా ‘మధ్యాహ్నం దాకా ఆగుదాం’ అని ఉంటే బాగుండేదని ఆ నివేదిక చదివిన ప్రతిసారీ మనసు కలుక్కుమంటుంది.

పలచని గాలికి షయాన్ అంత ఎత్తుకే పోనక్కర్లేదు. ఎందరో తెలుగువాళ్లు ఎగరడం నేర్చుకున్న బేగంపేట విమానాశ్రయం ఎత్తు సుమారు 1,740 అడుగులు. మే నెలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు చేరిందంటే అక్కడి గాలి దాదాపు 5,000 అడుగుల ఎత్తులో ఉండేంత పలచనవుతుంది. ఇంజిన్ శక్తి తగ్గుతుంది, ప్రొపెల్లర్ పట్టు తగ్గుతుంది, నేల విడవడానికి రన్‌వే ఎక్కువ కావాలి. నేలను ఆనుకుని ఉన్నంతసేపూ గాలి ఈడ్పు తక్కువగా ఉండి విమానం తేలిగ్గానే లేచినట్టుంటుంది. ఒక రెక్క కొస నుంచి రెండో రెక్క కొసకు ఉండే దూరమంత ఎత్తు దాటాక ఆ సాయం పోతుంది. అప్పటికి రన్‌వే అయిపోతుంది. నేల వేగంగా వెనక్కి పోతున్నట్టు కనిపించి పైలట్‌కి చాలినంత వేగం ఉందన్న భ్రమ కూడా కలుగుతుంది. ఈ లెక్కలన్నీ తాళం తిప్పకముందే కాగితం మీద వేసుకోవలసినవి. బూర మోగాక లెక్కకు వేళ ఉండదు.

బూర చివరి క్షణంలోనే పలుకుతుంది, అది దాని పరిమితి. హద్దుకు ఎంత దూరంలో ఉన్నామో మొదటినుంచీ చూపించే కోణం మీటర్లు యుద్ధ విమానాల్లో ఎప్పటినుంచో ఉన్నాయి. చిన్న విమానాల్లో వాటిని అమర్చుకోవడానికి కావలసిన అనుమతులను అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ 2014 ఫిబ్రవరిలో సులభం చేసింది. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు దీపాలతో అవి అద్దం దగ్గరే, చూపు తిప్పకుండా కనిపించే చోట కూర్చుంటున్నాయి. శిక్షణ విమానాలన్నిటికీ మొదట పెట్టవలసింది వీటినే.